ఇద్దరు రాయమల్లులు

రేవతి మంచిర్యాలల బస్సెక్కి కరీంనగర్ చేరేసరికి ఆఫీసు తలుపు బార్ల తీసి ఉంది. సోమవారం పొద్దున ఆ తలుపు తీసేది ఎప్పుడూ ఆమెనే. అవ్వ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా చేతుల పట్టుకొని లోపలికి తొంగిచూస్తే, ఓనరు సంతోష్‌రావు కిటికీ కాడ నిలబడి ఉన్నడు. గడ్డం గీసుకోలే. అంగీ నలిగిపోయి ఉంది.

"బాయిల కప్పు కూలింది రేవతీ," అన్నడు. "శనివారం పొద్దటి డ్యూటీల. ఒకాయన లోపల్నే చిక్కుకున్నడు. మన స్క్రీను మాత్రం లోపల ఎవరూ లేరని చూపెట్టిందట."

రేవతి శ్రీరాంపూర్ల పుట్టిన పిల్ల. ఆమె బాపు ఇస్తారి బతుకంత బొగ్గుబాయిల దిగి ఎక్కినోడు. డబ్బా టేబుల్ మీద పెట్టి, "మనిషి?" అని మాత్రం అడగగలిగింది.

"బతికిండు. కాలు తీసేసిండ్రు. ఈడనే, మన కరీంనగర్ దవాఖానలనే ఉన్నడు."

ఆ బాయి మహారాష్ట్ర సరిహద్దుల ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ నడుపుతది. చెన్నూరు, ఆసిఫాబాద్, మంచిర్యాల దిక్కు నుంచి కాంట్రాక్టు మీద పోయినోళ్లే అండ్ల ఎక్కువ. ఎవరు లోపలికి దిగిండ్రు, ఎవరు పైకి వచ్చిండ్రు అని లెక్కపెట్టే సాఫ్ట్‌వేరు సంతోష్‌రావు కంపెనీ చేసిచ్చింది. దిగేటప్పుడు కార్డు చూపెట్టాలె, ఎక్కినంక మళ్లీ చూపెట్టాలె. లోపల ఎందరున్నరో, దిగేటోళ్లకు తలదీపాలిచ్చే ల్యాంపు రూంల పెద్ద స్క్రీను మీద కనబడుతది.

సంతోష్‌రావుది భూములున్న ఇల్లు. తండ్రి గ్రానైట్ వ్యాపారంల కూసోబెడుదామనుకుంటె, ఈయన పట్టుబట్టి ఆ బండల దుకాణం పైనే రెండు గదులు తీసుకొని, పది మంది కూడ లేకుండ సాఫ్ట్‌వేరు కంపెనీ మొదలుపెట్టిండు. రైసు మిల్లులకు, చిన్న దవాఖానలకు చేసిన పనులే ఎక్కువ. బాయి పని దొరికిననాడు అందరికి స్వీట్లు పంచిండు.

"ల్యాంపు రూంల పరశురాములు అని ఒకాయన ఉన్నడు," సంతోష్‌రావు మెల్లగ చెప్పిండు. "కార్డు లేకుండ పైకి వచ్చినోళ్ల పేర్లు కొట్టేది ఆయననే. ఒకాయన వస్తే రెండుసార్లు నొక్కిండని అంటున్నరు. పని నుంచి ఆపేసిండ్రు. వచ్చే వారం విచారణ ఉంది. మన దిక్కు నుంచి ఒక రిపోర్టు కావాలె. టెస్టులన్ని నడిపి, అన్ని పాసైనయని రాసియ్యి."

"అన్ని పాసైతయి సార్," అన్నది రేవతి. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఏ అనుమానం లేకుండె.

ఒక ప్రోగ్రాం రాసినంక, దాంట్ల ఒక్కొక్క చిన్న ముక్కను విడిగ పట్టుకొని, "నువ్వు చెయ్యాలెనన్న పని చేస్తున్నవా?" అని అడిగే చిన్న చిన్న పరీక్షలు కూడ రాస్తరు. అడిగేది మనిషి కాదు, మిషనే. ఒక్క బటను నొక్కితే వందల పరీక్షలు గబగబ నడుస్తయి. ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎర్ర. అయితే ప్రతి పరీక్షకూ ఒక ఉత్తుత్తి బాయి కావాలె, దాంట్లకు దిగే ఉత్తుత్తి మనుషులు కావాలె, వాళ్ల చేతుల ఉత్తుత్తి కార్డులు కావాలె. ఇవన్ని ప్రతిసారి కొత్తగ రాసుకుంట కూసుంటె పొద్దు గడుస్తది. అందుకే ఆ సామానంత ఒక్క కాడ పెట్టుకుంటరు. ఎవరికి మనిషి కావాల్నన్నా అండ్లకెల్లి తీసుకుంటరు.

ఈ ఆఫీసుల ఆ సామాను తయారుచేసింది సాయిచంద్. రేవతి ఉద్యోగంల చేరినప్పుడు పక్క కుర్చీల కూసోబెట్టుకొని పని నేర్పినోడు. తర్వాత హైదరాబాద్‌ల పెద్ద కంపెనీకి పోయిండు. ఆయన పోయినా ఆ ఫోల్డరును అందరు 'సాయిచంద్ పెట్టె' అనేటోళ్లు. కొత్తగ వచ్చినోళ్లకు మొదట చూపెట్టేది అదే. "మనుషులు అండ్ల ఉన్నరు, తీసుకో," అంటే సరిపోతుండె.

రేవతి కూసోని బటను నొక్కింది. పై నుంచి కింద దాక పచ్చనే. రిపోర్టు మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి ఆగింది. బాయి వాళ్లు పంపిన శనివారం వివరాలు స్క్రీను మీద ఇంకో విండోల తెరిచి ఉన్నయి. వాటిని మళ్లీ ఒకసారి చదివింది. రాయమల్లు, బయటికి. దాని కిందనే రాయమల్లు, బయటికి. రెండూ ఒకే క్షణంల.

మనిషి ఎంత గబగబ నొక్కినా రెండు నొక్కుల నడుమ జరంత సందు ఉంటది. ఇక్కడ ఆ సందు లేదు.

ఆమె కిందికి జరిపి, లోపలికి దిగినోళ్ల పేర్లు చూసింది. రాయమల్లు అని ఉంది. ఇంకో పది పేర్ల తర్వాత మళ్లీ రాయమల్లు అని ఉంది. కార్డు నంబర్లు వేరు, తండ్రి పేర్లు వేరు. ఇద్దరు మనుషులు.

కార్డు బురదకు, చెమటకు పాడైపోతే ల్యాంపు రూం మనిషి పేరు కొట్టి బయటికి వచ్చినట్టు రాసుకునే వీలు బాయి వాళ్లే అడిగితే పెట్టింది. ఆ ముక్క రాసినాయన ఇప్పుడు ఆఫీసుల లేడు. రేవతి దాన్ని తెరిచి చదివింది. పేరు కొడితే, ఆ పేరున్నోళ్లందరిని కలిపి ఒక్క వరుసగ చూపెడుతది. నొక్కితే, ఆ పేరున్నోళ్లందరిని బయటికి పంపుతది. పరశురాములుకు స్క్రీను మీద కనబడ్డది ఒక్క రాయమల్లే. ఆయన నొక్కింది ఒక్కసారే.

మరి ఇన్ని పరీక్షలు దీన్ని ఎట్ల పట్టలే? ఆమె సాయిచంద్ పెట్టె తెరిచింది. ఎన్నో ఏండ్లుగ రోజూ వాడుతున్నదే, కాని లోపల ఏముందో ఎన్నడూ నిలబడి చూడలే. కార్మికుణ్ణి తయారుచేసే నాలుగు వరుసలు. ఒక్కొక్కరిని తయారుచేసినప్పుడల్లా పేరు పక్కన ఒక అంకె పెరుగుతది. కార్మికుడు ఒకటి, కార్మికుడు రెండు, కార్మికుడు మూడు. ఆ ఉత్తుత్తి బాయిల ఒకే పేరున్నోళ్లు ఇద్దరు ఎన్నడూ దిగలే. దిగే వీలే లేదు.

తను పుట్టిన క్వార్టర్ల వరుసలనే ముగ్గురు రాజలింగులు, ఇద్దరు కొమురయ్యలు ఉండిరి. కిరాణం రాజలింగు, గుడ్డి రాజలింగు, మూల మీది రాజలింగు అని పిలిచి పిలిచి పెరిగిన పిల్ల ఆమె. అంకెలున్న మనుషులను ఏండ్లకొద్ది పరీక్షలల్ల దించుకుంట, అందరు క్షేమంగ పైకి వచ్చిండ్రని పచ్చరంగు చూసి సంబరపడ్డది.

పెట్టెల ఒక్క వరుస మార్చింది. అంకె తీసేసి, ఇద్దరికి రాయమల్లు అనే పేరు పెట్టింది. బటను నొక్కింది. స్క్రీను మీద ఎర్రరంగు దిగుడు మొదలుపెట్టి, ఆగకుండ కిందికి దిగిపోయింది.

సాయిచంద్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"పేర్లు వేరువేరుగ ఉండాలెనని నేనే పెట్టిన," అన్నడు సాయిచంద్. "ఒకే పేరు వస్తే ఏ టెస్టు ఎక్కడ తప్పుతుందో తెలుస్తలేకుండె. ఓ వారం పని గడవనీకి రాసింది రేవతీ. తర్వాత ఎవరన్న సరిచేస్తరనుకున్న. అందరు అదే వాడుతున్నరా?"

"అందరం. నేను కూడ."

"ఆ కాలు పోయినాయనకు పిల్లలున్నరా?" అని అడిగిండు సాయిచంద్. రేవతికి తెల్వదు.

సంతోష్‌రావుకు ఎర్ర స్క్రీను చూపెట్టినప్పుడు ఆయన కుర్చీల వెనక్కి ఒరిగి, కండ్లు మూసుకున్నడు. తిడతడేమో అనుకున్నది. తిట్టలే.

"దీన్ని సరిచేసుడు ఎంతసేపు?"

"ఇయ్యాల్నే అయిపోతది."

"సరిచెయ్యి. సరిచేసి, అన్ని పచ్చగ అయినంక రిపోర్టు రాయి. అబద్ధం కాదు కద? పాసైనయని రాస్తే పాసైనట్టే."

"పరశురాములు సంగతి సార్?"

"ఆయనకు నేను ఇంకోకాడ పని చూపెడత. మా నాయన దుకాణంల అయినా సరే." గొంతు తగ్గించి అన్నడు. "ఈ బాయి పని పోతే ఈ గదులు మూసెయ్యాలె రేవతీ. ఆ బయట కూసున్నోళ్ల మొఖాలు చూడు ఒకసారి. వాళ్ల ఇండ్లల్ల ఏం చెప్తవు?"

ఆయన చెప్పింది తప్పని అనబుద్ధి కాలే. బయట కూసున్నోళ్లల్ల కొత్తగ పెండ్లయిన పిల్ల ఉంది, తల్లికి మందులు కొనేటోడు ఉన్నడు. రేవతి లేచి వచ్చింది. ఆ సాయంత్రం హాస్టలుకు పోకుండ ఆటో ఎక్కి దవాఖానకు పోయింది.

వార్డు బయట బెంచీ మీద ఒక ఆడమనిషి కూసోని ఉంది. నడివయసు దాటింది. చేతుల ఖాళీ ఫ్లాస్కు. ఆమె పక్కన నేల మీద, గోడకు ఒరిగి, మోకాళ్లు ముడుచుకొని ఒక పొడుగాటి మనిషి. నుదుటికి కట్టు ఉంది.

"రాయమల్లు వాళ్లేనా?" అని అడిగింది రేవతి.

"నేనే రాయమల్లును," అన్నడు ఆ పొడుగాటి మనిషి. వెంటనే తల దించుకొని, "నేను గాదు. లోపల పండుకున్నాయన. ఆయన కూడ రాయమల్లే. ఈమె ఆయన ఇంటామె, లస్మవ్వ," అన్నడు.

రేవతి తనెవరో చెప్పింది. స్క్రీను చేసిన కంపెనీ నుంచి వచ్చిన అని చెప్పింది. వాళ్లు లేచి తిడితే పడుదామనే వచ్చింది. లస్మవ్వ మాత్రం బెంచీ మీద జరిగి, "కూసో బిడ్డా," అన్నది.

పొడుగు రాయమల్లు ఎవరూ అడగకుండనే చెప్పుడు మొదలుపెట్టిండు. ఆ సంగతి ఎందరికి చెప్పిండో, ఇంకా ఎందరికి చెప్తడో అన్నట్టు ఆగకుండ చెప్పిండు.

"మేమిద్దరం ఒక్క రూంలనే ఉంటం బిడ్డా. ఆయనది చెన్నూరు, నాది ఆసిఫాబాద్ అవతల. పేరు ఒక్కటైందని దోస్తులమైనం. అన్నం ఒక్క కాడ వండుకుంటం. కప్పు కూలినప్పుడు ఆయన ఒక దిక్కు, నేనొక దిక్కు. నా తలకు రాయి తగిలింది. కార్డు యాడనో పడిపోయింది. పైకి వచ్చినంక పరశురాములన్న నా పేరు కొట్టిండు. స్క్రీను మీద లోపల ఎవరూ లేరని వచ్చింది. అందరు సప్పట్లు కొట్టిండ్రు. నేను కూడ కొట్టిన."

లస్మవ్వ ఫ్లాస్కు మూత తిప్పుకుంట కూసున్నది.

"కట్టు కట్టించుకొని రూంకు పోయిన. ఇద్దరికి సరిపడ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టిన. రాలే. బజారుకు పోయిండేమో అనుకున్న. పొద్దుగూకంగ ఈ అక్క ఫోన్ చేసింది, ఆయన ఫోన్ ఎత్తుతలేడని. ఉరికిన. ల్యాంపు రూంల ఆఫీసరు సారు ఉన్నడు. లోపల ఎవరూ లేరు పో అన్నడు. ఉన్నడు సార్, రాయమల్లు ఉన్నడు అన్న. రాయమల్లు బయటికి వచ్చిండు, ఇగో చూడు అని స్క్రీను చూపెట్టిండు. ఆ రాయమల్లును నేనే సార్ అన్న. నేనే అని ఒర్రిన. తలకు దెబ్బ తగిలి మతి తప్పిందనుకున్నరు బిడ్డా. కుర్చీల కూసోబెట్టి నీళ్లు తాగమన్నరు."

"తర్వాత?"

"పరశురాములన్న అప్పటికే డ్యూటీ దిగి ఇంటికి పోయిండు. పిలిపించిండ్రు. ఆయన నన్ను చూసిండు, స్క్రీను చూసిండు, బొక్కబోర్ల పడ్డట్టు కూలబడ్డడు. అప్పుడు దిగిండ్రు లోపలికి."

డాక్టరు ఏమన్నడో లస్మవ్వ చెప్పింది. బండ కింద కాలు అంతసేపు నలిగి ఉండుట్ల రక్తం ఆగిపోయిందట. జల్ది తీస్తే కాలు నిలిచేదా అని ఆమె అడిగితే, డాక్టరు వేరే రోగి దిక్కు తిరిగిండట.

"తెలివికి వచ్చినకాడికెల్లి ఆయన అదే అంటడు బిడ్డా," లస్మవ్వ అన్నది. "లోపల చీకట్ల పండుకొని, పైన నన్ను ఎతుకుతున్నరు, ఇగ వస్తరు, ఇగ వస్తరు అనుకున్నడట. ఎవరూ ఎతుకుతలేరని ఆయనకు తెల్వదు. నేను కూడ చెప్పలే. నువ్వు చెప్పకు."

రేవతి వార్డు తలుపు సందుల నుంచి చూసింది. మంచం మీద సన్నటి మనిషి పండుకొని ఉన్నడు. దుప్పటి ఒక దిక్కు చదునుగ ఉంది. లోపలికి పోయే ధైర్యం చాలలే.

శనివారం ఇంటికి పోయి, అన్నం తినుకుంట బాపుకు అంత చెప్పింది. నస్పూర్‌ల కట్టుకున్న చిన్న ఇల్లు అది. ఇస్తారి రిటైరై ఏండ్లయింది, దగ్గు మాత్రం రిటైర్ కాలే. బాయిల మనిషి కాబట్టి బాపు తన దిక్కే మాట్లాడుతడని రేవతి అనుకున్నది.

"ఊకో బిడ్డా," అన్నడు ఇస్తారి. "సరిచేసినవు కద. ఇగ ఎవలికి అట్ల కాదు. విచారణల పోయి నువ్వు చెప్తే ఏమైతది? నీ సారు పని పోతది, నీ పని పోతది. నేను చూడని విచారణలా? నిజం చెప్పినోన్ని దూరం బాయికి బదిలీ చేసిండ్రు. చెప్పనోనికి ప్రమోషన్ వచ్చింది."

"ఎవలు బాపూ, ఆ చెప్పినోడు?"

ఇస్తారి చెయ్యి కడుక్కోను లేచిండు. వాకిట్లకు పోయి చానసేపు దగ్గిండు.

అవ్వ అనసూర్య కూతురు పళ్లెంల ఇంకింత పప్పు వేసింది. ఆమె సాఫ్ట్‌వేరు అంటే ఏందో, టెస్టు అంటే ఏందో అడగలే. "లస్మవ్వకు ఎంతమంది పిల్లలు?" అని అడిగింది.

"ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది కాలేజీ."

"మీ బాపు డ్యూటీ దిగే టైం దాటితే నేను వాకిట్ల నిలబడేదాన్ని. నిన్ను సంకల ఎత్తుకొని. వీధిల ఆడోళ్లందరం నిలబడేది. సైకిలు చప్పుడు వినబడితే ఒక్కొక్కతి ఇంట్లకు పోయేది. చివరికి మిగిలిన దాని మొఖం చూడలేకపోయేటోళ్లం." కొంగుతోని మొఖం తుడుచుకున్నది. "పరశురాములు పెండ్లాం ఇప్పుడు వీధిల ఎట్ల నిలబడుతుందో. మొగడు మనిషిని పాతిపెట్టిండని అంటుంటరు కద అందరు."

ఇస్తారి వాకిట్ల నుంచి ఆ మాట విన్నడు. లోపలికి వచ్చి, బీరువా పక్కన కూసోని, "ఎల్లుండి ఏ బస్సుకు పోతవు?" అని అడిగిండు.

సోమవారం రేవతి సంతోష్‌రావుకు నేరుగ చెప్పింది. "సార్, సరిచేసిన. టెస్టులు అన్ని పచ్చగ ఉన్నయి. రిపోర్టు కూడ రాసిన. కాని శనివారం నాడు బాయిల నడిచిన ప్రోగ్రాం తప్పు అని కూడ అండ్లనే రాసిన. మీరు ఆ కాగితం ఇయ్యకుంటే, నేను నా అంతల నేను పోయి చెప్త. నా పని మీ ఇష్టం."

సంతోష్‌రావు కాగితం తీసుకొని చదివిండు. మడిచి సంచిల పెట్టుకున్నడు. "విచారణకు కారుల పోదాం. ల్యాప్‌టాప్ తెచ్చుకో," అన్నడు. ఏం చేస్తడో చెప్పలే.

మంచిర్యాల దాటినంక చాయ్ తాగనీకి ఆగినప్పుడు సంతోష్‌రావు గ్లాసు చూసుకుంట, "నిన్న దవాఖానకు పోయిన," అన్నడు. "ఆ పొడుగాయన నాకు కూడ మొత్తం చెప్పిండు. మొదటికెల్లి చివరి దాక."

బాయి ఆఫీసుల పొడుగాటి టేబులు. అవతల ముగ్గురు ఆఫీసర్లు. నడుమ కూసున్నాయన పేరు విద్యాధర్, విచారణ ఆయన చేతులనే ఉంది. గోడ కాడ, కుర్చీ అంచు మీద, పరశురాములు. తల నెరిసిన మనిషి. ఉతికిన తెల్ల అంగీ తొడుక్కొని వచ్చిండు. ఎవరి దిక్కూ చూస్తలేడు.

"రికార్డు సాఫ్ ఉంది," విద్యాధర్ అన్నడు. "రెండు నొక్కులు. మీ కంపెనీ రిపోర్టు ఇస్తే ఫైల్ మూసేద్దాం."

సంతోష్‌రావు సంచి మీద చెయ్యి పెట్టిండు. తర్వాత, "మా అమ్మాయి చూపెడతది సార్," అన్నడు.

రేవతి ల్యాప్‌టాప్ వాళ్ల దిక్కు తిప్పింది. శనివారం నాడు నడిచిన పాత ప్రోగ్రాం తెరిచింది.

"సార్, మీ పేరుతోని ఒకర్ని బాయిల దించుత. విద్యాధర్. అదే పేరుతోని ఇంకొకర్ని. మీరొకరు, ఇంకెవరో ఒకరు. ఇప్పుడు లోపల ఇద్దరున్నరు, చూసుకోండ్రి." స్క్రీను మీద రెండు అని వచ్చింది. "ఆ ఇంకొకాయన పైకి వచ్చిండు. కార్డు లేదు. పేరు కొడుతున్న. ఒక్క పేరే కనబడుతుంది కద సార్? ఒక్కసారి మీరే నొక్కండ్రి."

విద్యాధర్ వేలితోని నొక్కిండు. లోపల: సున్న.

"మీరింకా లోపల్నే ఉన్నరు సార్," అన్నది రేవతి.

చివర కూసున్న మరాఠీ ఆఫీసరు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. విద్యాధర్ వేలు ఇంకా బటను మీదనే ఉంది.

"దీన్ని మీరు చెక్ చెయ్యలేదా?" అన్నడు.

"చేసినం సార్. వందలసార్లు చేసినం. మా పరీక్షలల్ల ఒక పేరున్నోళ్లు ఇద్దరు లేరు. ఉండకుండ చేసుకున్నం. అందరం ఒకే కాడ నుంచి మనుషులను తీసుకున్నం, ఆ మనుషులు ఎట్లున్నరని ఎవరం చూడలే. పరశురాములు గారు నొక్కింది ఒక్కసారే. ఆయన తప్పు లేదు."

గోడ కాడ నుంచి ఒక చప్పుడు వచ్చింది. పరశురాములు రెండు చేతులతోని మొఖం కప్పుకున్నడు. ఏడుస్తుండో, ఊపిరి పీల్చుకుంటుండో తెల్వలే. సంతోష్‌రావు లేచి, సంచిలకెల్లి కాగితం తీసి విద్యాధర్ ముందు పెట్టిండు. "ఇది మా రిపోర్టు సార్," అని, మళ్లీ కూసున్నడు.

పరశురాములును పనిల తీసుకున్నరు. ఆయన ల్యాంపు రూంల మాత్రం కూసోనన్నడు, స్టోర్‌ల వేసిండ్రు. రాయమల్లు పరిహారం కేసు ఇంకా నడుస్తనే ఉంది. అండ్ల సంతోష్‌రావు కంపెనీ పేరు కూడ ఉంది. బాయి పని పోయింది. ఆఫీసుల రెండు గదులు ఒక్క గది అయింది. కొత్తగ పెండ్లయిన పిల్ల వేరే కాడ పని చూసుకున్నది. పోయేటప్పుడు రేవతితోని మాట్లాడలే. ఆ సంగతి రేవతికి ఇప్పటికీ ముల్లు లెక్క గుచ్చుతది.

ఒక ఆదివారం సాయిచంద్ హైదరాబాద్ నుంచి వచ్చిండు. రైసు మిల్లుల పనికి, దవాఖానల పనికి కూడ ఆ పెట్టెలకెల్లే మనుషులను తీసుకుంటరు గనుక, ఇద్దరు కూసోని దాన్ని మొదటికెల్లి రాసిండ్రు. అంకెల మనుషులను తీసేసిండ్రు. ఒక పేరున్నోళ్లను పెట్టిండ్రు. కార్డు పోగొట్టుకున్నోన్ని, తండ్రి పేరు లేనోన్ని, ఇంటిపేరు మూడు తీర్ల రాసుకునేటోన్ని, డ్యూటీ దిగి మళ్లీ వెంటనే ఎక్కినోన్ని. సాయిచంద్ దవాఖానకు కూడ పోయి వచ్చిండు.

రాయమల్లు చెన్నూరుకు చేరినంక, వానకాలం మొదట్ల, రేవతి చూసి రానీకి పోయింది. రాయమల్లు వాకిట్ల నులకమంచం మీద కూసోని ఉన్నడు, పక్కన కర్రలు. పొడుగు రాయమల్లు కూడ ఆడనే ఉన్నడు. బాయి పని విడిచిపెట్టి, చెన్నూరుల సిమెంటు దుకాణంల మోత పనికి కుదిరిండట. అక్కడ్నే ఓ రూం తీసుకున్నడట. ఆసిఫాబాద్‌ల ఇంటోళ్లు రమ్మంటె, ఇంకొన్ని దినాలు అంటున్నడట.

లస్మవ్వ చాయ్ పెట్టనీకి లోపలికి పోయినప్పుడు, రాయమల్లు మెల్లగ అడిగిండు.

"నన్ను ఎవరూ ఎతుకలేదట కద బిడ్డా, మొదట్ల?"

రేవతి పొడుగు రాయమల్లు దిక్కు చూసింది. ఆయన నేల చూపు చూసిండు.

"తెలిసింది లే. ఆమెకు చెప్పకు, నాకు తెల్వదనుకుంటది." కర్రను అటు ఇటు జరిపిండు. "మీ మిషన్ల నా పేరు పెట్టినవట. ఆ హైదరాబాద్ పిల్లగాడు చెప్పిండు."

"అవు. మీ ఇద్దరి పేరు. ఇష్టం లేకపోతే తీసేస్త."

"దాంతోని ఏం చేస్తరు?"

"బాయి పని పోయినా ఆ ఉత్తుత్తి బాయిని ఉంచుకున్నం. ఏదన్న కొత్తగ రాసినప్పుడల్లా ఇద్దరు రాయమల్లులను లోపలికి దించుతం. ఒకర్ని పైకి తెస్తం. ఇంకొకాయన లోపల ఉన్నడని స్క్రీను చెప్పాలె. చెప్పకుంటే పని ఆపేస్తం."

"రోజూనా?"

"రోజుకు ఎన్నోసార్లు."

రాయమల్లు ముందుకు వంగిండు. "ఆ రెండోవోన్ని కూడ పైకి తెస్తరా, లేక ఉన్నడని తెలుసుకొని విడిచిపెడతరా?"

ఉన్నడని స్క్రీను చెప్పంగనే ఆ పరీక్ష అయిపోతది. అంతవరకే రాసిండ్రు.

"తెస్తం," అన్నది. "రేపటికెల్లి తెస్తం."

"అయితే ఉండనియ్యి," అన్నడు రాయమల్లు.

లస్మవ్వ మూడు గ్లాసులల్ల చాయ్ తెచ్చింది. వాన జల్లు పడుడు మొదలుపెట్టింది. పొడుగు రాయమల్లు లేచి, మంచం ఒక దిక్కు తను పట్టుకొని, ఇంకో దిక్కు రేవతిని పట్టుకోమన్నడు. మనిషి దాని మీద కూసోని ఉండంగనే మంచం వసారలకు జరిపిండ్రు.